కడిగే ముందు పది నిమిషాలు

శిలాజాల ల్యాబులోనో మ్యూజియంలోనో కొత్తగా చేరినవాళ్ల చేతికి మొదట వచ్చేది సాధారణంగా శుభ్రం చేసే పనే. అది చిన్న పని అనుకోకండి. మళ్లీ సరిదిద్దుకోలేని తప్పులు జరిగేది అక్కడే.

1982లో ఇటలీలో, ఊదినే దగ్గరి ప్రెయోనే లోయలో పల్చని సున్నపురాతి పలక ఒకటి దొరికింది. తీస్తుండగానే ముక్కలైంది. ముక్కలు జతచేసి, అంటుకున్న మెత్తటి మట్టిని కడిగేశారు. ఎముకలున్నది ఆ మట్టిలోనే! ఇరవై కోట్ల ఏళ్లకు పైబడిన, ట్రయాసిక్ కాలపు ఎగిరే సరీసృపం అది. రెక్కలు చాపితే మూరెడు. రాతిలో మిగిలింది ఎముకల ముద్ర మాత్రమే. దాని మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీశారు. శిలాజ శాస్త్రవేత్త రూపర్ట్ వైల్డ్ 1984లో దానికి ప్రెయోండాక్టిలస్ అని పేరు పెట్టాడు. పుర్రె వెనక భాగం మాత్రం దక్కలేదు.

అందుకే నీళ్లు తాకకముందే ఫొటో తీయండి. లైటును పక్కనుంచి, పలకకు దాదాపు ఆనించినట్టు పెడితే, నేరుగా చూస్తే కనబడని గీతలు నీడలతో తేలతాయి. స్కేలు పక్కన ఉండాలి. పలక రెండుగా చీలితే రెండో ముక్కా నమూనాయే. ఎముక లేని అంచున ఒక్క చుక్క నీరు వేసి చూడండి. మట్టి మెత్తబడితే నీళ్లు మానేసి, మైక్రోస్కోపు కింద సూదితో పని చేయండి. పై అధికారి తొందరపెడితే, “ఫొటోలకు పది నిమిషాలివ్వండి సార్” అని నెమ్మదిగా అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు.

ఊడ్చిన పొడినీ పారేయకండి. బెర్గమో దగ్గరి చేనేలో దొరికిన మరో ఎగిరే సరీసృపం యూడిమార్ఫొడాన్‌కు 6 సెంటీమీటర్ల దవడల్లో దాదాపు 110 పళ్లు. అలాంటి పన్ను ఒకటి చీపురుతో పోతే ఎవరికీ తెలియదు.

అతికించాల్సి వస్తే పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడండి. అసిటోన్‌తో మళ్లీ కరిగించి విప్పుకోవచ్చు. అసిటోన్ దగ్గర మంట ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. ఏ జిగురు, ఏ మూల, ఏ తేదీ అన్నది అప్పటికప్పుడే రాసుకోండి.

ఏమిటో తెలియని ఎముకల ముద్దను విడదీయకండి. ప్రెయోనేలోనే 1984లో అలాంటిది దొరికితే, చేప మింగి కక్కిన ఎగిరే సరీసృపం అనుకున్నారు. 2015లో మళ్లీ పరిశీలించినవాళ్లు, అవి నేల మీద తిరిగే వేరే సరీసృపానివని తేల్చారు. ముద్ద చెదరకుండా ఉంది కాబట్టే ఆ రెండో చూపు సాధ్యమైంది.