మత్తు నిషేధం, రోగి హక్కు: పాలకుల అమానతు

ఒడిశాలోని మల్కన్‌గిరి వైపు నుంచి బయలుదేరే గంజాయి చింతూరు మీదుగా భద్రాచలం చేరుతుంది. అక్కడి నుంచి ఖమ్మం, హైదరాబాద్‌ల దారి పడుతుంది. తనిఖీల్లో చాలాసార్లు దొరికిపోయేది సరుకు యజమాని కాదు, కూలి డబ్బులకు మూట మోసిన పేదవాడు. ఇదే ప్రాంతంలో మరో ప్రశ్న కూడా వినిపిస్తుంది: "క్యాన్సర్ నొప్పికి గంజాయి పనిచేస్తుందట, తెప్పించుకోవచ్చా?" దీనికి జవాబును ధర్మం, చట్టం రెండింటి వెలుగులో తెలుసుకుందాం.

ధర్మాదేశం

మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధమేనని దైవప్రవక్త (సఅసం) స్పష్టం చేశారు. అందుకే ఇమామ్ ఇబ్నె తైమియా వంటి పండితులు గంజాయి జాతి మత్తును కూడా హరామ్‌గానే పరిగణించారు. మద్యంలో కొంత ప్రయోజనం ఉన్నా దాని కీడే పెద్దదని దివ్య ఖుర్‌ఆన్ (అల్ బఖర: 219) తెలుపుతోంది. అంటే ఒక వస్తువులో ఏదో లాభం ఉన్నంత మాత్రాన అది ధర్మసమ్మతం కాదు.

అయితే నిస్సహాయ స్థితిలో ఉన్నవారికి, హద్దు మీరకుండా, మినహాయింపు ఉందని అదే సూరా 173వ ఆయతు చెబుతోంది. పురుషులకు పట్టుబట్టలు నిషిద్ధం. అయినా దురద వ్యాధితో బాధపడిన ఇద్దరు సహచరులకు దైవప్రవక్త (సఅసం) వాటిని అనుమతించారు. ఈ మినహాయింపుకు పండితులు షరతులు పెట్టారు: వేరే ధర్మసమ్మతమైన మందు ఉండకూడదు, నమ్మకమైన వైద్యుడు చెప్పాలి, అవసరమైన మోతాదు దాటకూడదు.

ఈ షరతులను రోగి ఒక్కడే నెరవేర్చలేడు. పాలకుల బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. ప్రతి ఒక్కరూ కాపరే, పాలకుడు తన ప్రజల గురించి జవాబు చెప్పుకోవాలి అన్నది ప్రవక్త (సఅసం) బోధన.

చట్టం ఏమంటోంది?

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని నిషేధించింది. 20 కిలోలు మించితే 10 నుంచి 20 ఏళ్ల కఠిన శిక్ష పడుతుంది. కాని అదే చట్టం వైద్య, శాస్త్రీయ అవసరాలను మినహాయించింది. ఆ అవసరాలకు అనుమతులిచ్చే అధికారాన్ని 10వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత కఠినమైన జాబితా నుంచి తొలగించినప్పుడు భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది.

మార్ఫిన్ నేర్పిన పాఠం

తలుపు ఉంటే సరిపోదు, అది తెరుచుకోవాలి. 1985 చట్టం మార్ఫిన్‌ను వైద్యానికి నిషేధించలేదు. కాని ఎన్నో లైసెన్సులు, శిక్ష భయం కలిసి ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. క్యాన్సర్ రోగులు నొప్పితోనే కన్నుమూశారు. 2014 సవరణతో మార్ఫిన్ సహా ఆరు మందులకు నిబంధనలు సులువయ్యాయి. నిషేధాన్ని కాపాడుతూనే రోగికి దారి చూపవచ్చని ఇది రుజువు చేసింది.

గంజాయి విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. దానిలోని ఒక పదార్థంతో తయారైన మందును 2018లో అమెరికా అరుదైన మూర్ఛ వ్యాధులకు ఆమోదించింది. అది కొలిచి, పరీక్షించి, వైద్యుడు రాసిచ్చే మందు. అడవి దారిలో వచ్చే మూటకు కొలత లేదు, కల్తీకి హామీ లేదు, దాని వెనుక ఒక పేదవాడి జైలు జీవితం ఉంది.

మన కర్తవ్యం

1. నొప్పితో ఉన్న రోగి కోసం దొంగ సరుకు వెతకకండి. జిల్లా ఆసుపత్రిలో ఉపశమన చికిత్స, అంటే పాలియేటివ్ కేర్ గురించి అడగండి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ సేవ ఉంది.

2. మార్ఫిన్ రాస్తే "మత్తు మందు" అని భయపడి మానేయకండి. వైద్యుని మోతాదులో అది చికిత్స.

3. పరీక్షించిన మందు అవసరమైన రోగికి అందేలా స్పష్టమైన నిబంధనలు కోరండి. మూటలు మోసేవారికి బతుకుదెరువు కోరండి. పాలకులను అడగడం కూడా అమానతులో భాగమే.

ఒక ప్రాణాన్ని కాపాడడం మానవాళినంతటినీ కాపాడినట్లేనని ఖుర్‌ఆన్ (అల్ మాయిదా: 32) బోధిస్తోంది. మత్తు నుంచి యువకుణ్ణి కాపాడడమూ, నొప్పి నుంచి రోగిని కాపాడడమూ రెండూ పాలకుని మీద ఉన్న బాధ్యతలే. ఒకదాని పేరుతో రెండోదాన్ని వదిలేయడం న్యాయం కాదు.