ముందు పెన్సిల్, తర్వాతే పైథాన్

బీటెక్ పిల్లలకు ఇమేజ్ ప్రాసెసింగ్ చెబుతున్నారా? అయితే మీరు అదృష్టవంతులు. ఇంజనీరింగ్‌లో ఇంతగా కళ్లకు కట్టినట్టు చెప్పగల సబ్జెక్టు ఇంకోటి లేదు. అయినా మూడో వారానికల్లా వెనక బెంచీల్లో తలలు వాలిపోతున్నాయా? లోపం పిల్లల్లో లేదు. మనం పాఠం మొదలుపెట్టే చోట ఉంది. ఆ చోటు మార్చడం పూర్తిగా మీ చేతుల్లో పని.

మన అలవాటు ఒకసారి చూడండి. పీపీటీ తెరుస్తాం. కన్వల్యూషన్ ఫార్ములా చూపిస్తాం. ల్యాబ్‌లో ఓపెన్‌సీవీ ఫంక్షన్ పేరు చెప్పేస్తాం. స్టూడెంట్ ఒక్క లైను కొడతాడు, బొమ్మలో అంచులు వచ్చేస్తాయి, ప్రింటవుట్ రికార్డులో అతికిస్తాడు. వైవాలో “లోపల ఏం జరిగింది?” అంటే నేలచూపులు!

ఈ అలవాటు వదిలేయండి. రేపే వదిలేయండి.

మొదటి క్లాసుకి ల్యాప్‌టాప్ వద్దు, గ్రాఫ్ పేపర్లు పట్టుకెళ్లండి. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫొటోని స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. దాని సైజు 176 గళ్లు నిలువు, 176 గళ్లు అడ్డం. ఈ కథ చెప్పి, మీ పిల్లల జేబుల్లో ఉన్న 12 మెగాపిక్సెల్ ఫోన్ ఎన్ని గళ్లు నింపుతుందో అడగండి. కోటీ ఇరవై లక్షలు! ఫొటో అంటే అంకెల పట్టిక అని ఆ క్షణంలో బుర్రకెక్కుతుంది.

ఇక బోర్డు మీద తొమ్మిది అంకెలు రాయండి:

52 50 51
49 255 53
50 48 52

మధ్యలో ఉన్న 255 తెల్లటి మచ్చ. అంటే నాయిస్. “సగటు కట్టండి” అనండి. 73 వస్తుంది. మచ్చ పోలేదు, చుట్టూ పులుముకుంది. ఇప్పుడు “చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో రాసి, అయిదోది చెప్పండి” అనండి. 51. మచ్చ మాయం! మీన్ ఫిల్టర్‌కీ మీడియన్ ఫిల్టర్‌కీ తేడా ఇక చచ్చినా మర్చిపోరు. ఎందుకంటే ఆ లెక్క వాళ్ల చేత్తో వాళ్లే చేశారు.

ఇక్కడి నుంచి ప్రతి టాపిక్‌కీ ఇదే వరస పాటించండి:

1. ముందు బొమ్మ చూపించండి.
2. చిన్న పట్టిక చేత్తో చేయించండి.
3. ఫార్ములా అప్పుడు రాయండి.
4. రెడీమేడ్ ఫంక్షన్లు లేకుండా రెండు ఫర్ లూపులతో కోడ్ రాయించండి. ఓపెన్‌సీవీ ఆ తర్వాతే.

నాలుగో మెట్టు మాత్రం దాటేయకండి. నంపైలో ఎనిమిది బిట్ల పిక్సెల్ 250కి 10 కలిపితే 260 రాదు, 4 వస్తుంది. తెల్లగా ఉండాల్సిన చోట నల్ల మచ్చలు పడతాయి. ఓపెన్‌సీవీ యాడ్ ఫంక్షన్ అయితే 255 దగ్గర ఆపేస్తుంది. ఈ దెబ్బ ఒకసారి స్వయంగా తిన్న స్టూడెంట్ జన్మలో డేటా టైప్ మర్చిపోడు. వెంటనే జవాబు అందించకండి. పది నిమిషాలు తికమకపడనివ్వండి. ఓర్పుగా ఉండటం కూడా టీచింగ్ స్కిల్లే.

ఉదాహరణలు వాళ్ల జీవితంలోంచే తీసుకోండి. మిడ్స్ ముందు రోజు వాట్సాప్‌లో తిరిగే నోట్స్ ఫొటో ఉంటుంది కదా, ఓ మూల చెయ్యి నీడ పడి? దానికి ఓట్సు థ్రెషోల్డ్ వేయించండి. పేజీ మొత్తానికి ఒకే హద్దు కాబట్టి నీడ పడ్డ భాగం నల్లగా ముద్దకట్టేస్తుంది. అడాప్టివ్ థ్రెషోల్డ్ ఏ చోటుకి ఆ చోటు హద్దు లెక్కిస్తుంది. అక్షరాలు తేలిపోతాయి. తమ నోట్స్ తామే బాగుచేసుకున్న ఆ మొహాలు చూడండి!

“సర్, ఇవన్నీ ఎందుకు? డైరెక్ట్‌గా డీప్ లెర్నింగ్ చెప్పండి” అనే స్టూడెంట్ తప్పకుండా ఉంటాడు. విసుక్కోకండి. సోబెల్ ఫిల్టర్‌లో తొమ్మిది అంకెలు మనం ఇస్తాం. న్యూరల్ నెట్‌వర్క్ అలాంటి అంకెల్ని డేటా నుంచి తానే నేర్చుకుంటుంది. గుణించడం, కూడటం రెండింట్లోనూ ఒకటే. ఇంత చెబితే చాలు, ఆ కుర్రాడు మళ్లీ గ్రాఫ్ పేపర్ అందుకుంటాడు.

మీకు తెలియని ప్రశ్న వస్తే? “తెలియదు, రేపు కలిసి చూద్దాం” అని ధైర్యంగా అనండి. 1966లో ఎంఐటీలో సేమోర్ పాపర్ట్ విజన్ సిస్టమ్‌లో పెద్ద భాగాన్ని ఒక్క వేసవిలో కట్టేయాలని ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఆ పని ఇవాళ్టికీ సాగుతూనే ఉంది. అలాంటి సబ్జెక్టులో మీకు అన్నీ తెలిసి ఉండక్కర్లేదు. రోజూ అరగంట స్వయంగా కోడ్ రాసే అలవాటు ఉండాలి, అంతే.

రేపు ఫస్ట్ పీరియడ్ మీదేనా? వెళ్లేదారిలో స్టేషనరీ షాపు దగ్గర ఆగండి. తలకో గ్రాఫ్ పేపర్ కొనండి.