వేలు చీకే అలవాటు – పలువరస

మర్రి ఆకుపై పడుకుని కాలి బొటనవేలు నోట పెట్టుకున్న బాలకృష్ణుని బొమ్మ మనందరికీ తెలుసు. పసిబిడ్డ వేలు చీకడం సహజం. తల్లి కడుపులో ఉండగానే బిడ్డ వేలు చీకడం స్కానింగులో కనిపిస్తుంది. ఎక్కువమంది పిల్లలు మూడు, నాలుగేళ్లకు తమంతట తామే మానేస్తారు.

చిక్కంతా మాననివారికే. ఆరేళ్ల ప్రాంతంలో పాలపళ్లు ఊడి శాశ్వత దంతాలు రావడం మొదలవుతుంది. అప్పటికీ అలవాటు సాగితే వేలు పై పళ్లను ముందుకు నెడుతుంది, కింది పళ్లను లోపలికి వంచుతుంది. చీకేటప్పుడు బుగ్గలు నొక్కడంతో పై దవడ ఇరుకవుతుంది. నోరు మూసినా ముందుపళ్ల నడుమ సందు మిగులుతుంది. ఆ సందులోకి నాలుక వస్తుంటే 'స' సరిగా పలకదు. ఎంత గట్టిగా చీకారన్నదాని కంటే రోజుకు ఎన్ని గంటలు చీకారన్నదే ముఖ్యం.

వేలికి వేపరసం రాయడం, తిట్టడం, వెక్కిరించడం మన ఇళ్లలో మామూలే. కానీ బెంగపడిన బిడ్డకు వేలే ఓదార్పు. తిడితే ఇంకా చీకుతుంది. ముందు నచ్చజెప్పాలి. మానిన రోజున క్యాలెండర్‌లో గుర్తు పెట్టి మెచ్చుకోవాలి. రాత్రి చేతికి మెత్తని తొడుగు వేయవచ్చు. ఇవి ఫలించక, బిడ్డకూ మానాలని ఉంటే, దంతవైద్యులు పరికరం అమరుస్తారు.

క్రిబ్: వెనకపళ్లకు పట్టీలు అతికించి, ముందుపళ్ల వెనక తీగతో చిన్న కంచె కడతారు. వేలు అంగిలికి ఆనదు కనుక చీకడంలో హాయి పోతుంది. అలవాటు పోయాక కూడా కొన్ని నెలలు ఉంచుతారు.

బ్లూగ్రాస్: 1991లో అమెరికా వైద్యులు హాస్కెల్, మింక్ దీన్ని వివరించారు. కంచెకు బదులు చిన్న పూస ఉంటుంది. నాలుకతో దాన్ని తిప్పుతూ పిల్లలు వేలిని మరుస్తారు.

ఓరల్ స్క్రీన్: నోటితో గాలి పీల్చేవారికి పెదవులకూ పళ్లకూ మధ్య పెట్టే పలక. ముక్కు మూసుకుపోయి ఉంటే ఇది పెట్టకూడదు. ముందు ముక్కుకు చికిత్స చేయించాలి.

పరికరం పెట్టిన కొత్తలో మాట తడబడుతుంది, తినడం ఇబ్బందిగా ఉంటుంది. కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. జిగట, గట్టి తిండి మానాలి. పళ్లు శ్రద్ధగా తోముకోవాలి.

మన దీవుల్లో మరో సంగతీ చూసుకోవాలి. కార్ నికోబార్ నుంచో, స్వరాజ్ ద్వీప్ నుంచో శ్రీ విజయపురానికి రావాలంటే ఓడ దొరకాలి, సముద్రం అనుకూలించాలి. తీగ వదులైతే వెంటనే చూపించుకోవడం కష్టం. బదిలీ దగ్గరపడితే ఆ మాట ముందే వైద్యునికి చెప్పండి; చికిత్స వివరాలు కాగితంపై రాయించుకోండి.

నేను పనిచేసిన చాలా చోట్ల చూశాను: మానేసిన పిల్లలు కూడా కొత్త బడిలో మొదటి నెలల్లో మళ్లీ వేలు నోట పెడతారు. విద్యార్థులారా, అప్పుడు వారికి కావలసింది మీ నవ్వులాట కాదు, పక్కన కూర్చునే స్నేహితుడు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. లేతవయసులో దవడ ఎముక కూడా అంతే. అయితే మొక్కను విరవకుండా వంచాలి.

ఆలోచించండి
1. వేలు చీకితే పై దవడ ఎందుకు ఇరుకవుతుంది?
2. క్రిబ్‌కూ బ్లూగ్రాస్‌కూ తేడా ఏమిటి?
3. మీ తరగతికి కొత్తగా వచ్చిన పిల్లవాడికి మీరు ఏ విధంగా తోడ్పడతారు?