తలకోన జలపాతం: ఈత వచ్చినవారికీ ఒక పాఠం

పిల్లలూ! మన కోనసీమలో నీటికి కరువు లేదు. ఊరి పక్కన పంటకాలువ, చేను గట్టున బోదె, ఇంటి వెనుక చెరువు. మీలో చాలామందికి చిన్నతనంలోనే ఈత వచ్చి ఉంటుంది. కాని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలన్నీ గాలించినా ఒక్క జలపాతం కనిపించదు. ఎందుచేత?

నీరు దూకాలంటే పైన ఎత్తు, కింద పల్లం, రెండింటి నడుమ నిటారుగా నిలిచిన గట్టి రాయి ఉండాలి. మన నేల గౌతమి, వసిష్ఠ పాయల మధ్య గోదావరి తెచ్చి పరచిన ఒండ్రుమట్టి. సముద్రం వైపు మెల్లగా వాలిన ఈ నేలపై నీరు నడుస్తుందే గాని దూకదు. జలపాతం చూడాలంటే మనం కొండలకు పోవలసిందే.

తిరుపతి వెళ్ళిన మనవారు కొందరు దర్శనమయ్యాక ఒకరోజు మిగుల్చుకుని తలకోన చూసి వస్తారు. తిరుపతికి ఇది సుమారు 60 కిలోమీటర్ల దూరం. ఉదయం బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఈ చోటు 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది. ఎర్రచందనం చెట్లకు, దేవాంగపిల్లికి, బంగారు బల్లికి ఈ అడవులు నిలయం. సిద్ధేశ్వరస్వామి ఆలయం దాటి అడవిలో నడిచిపోతే జలపాతం వస్తుంది. దాని ఎత్తు 270 అడుగులు, అంటే సుమారు 82 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన జలపాతమని దీనికి పేరు.

కొండ నిటారుగా ఎందుకు నిలిచింది?

శేషాచలం కొండల పైభాగంలో క్వార్ట్‌జైట్ అనే రాయి ఉంది. ఎంతో ప్రాచీన కాలంలో నీటి అడుగున పేరుకున్న ఇసుక, పైబరువుకు అణగి, వేడికి గట్టిపడి ఇలా తయారైంది. ఇది చాలా గట్టిది. నీరు దీన్ని సులువుగా అరగదీయలేదు. అయితే ఈ రాతిలో అడ్డంగా పొరలు, నిలువుగా బీటలు ఉంటాయి. బీటల్లోకి దిగిన నీరు బలహీనమైన చోటును తొలిచివేస్తుంది. ఆధారం పోయిన రాతిబండ విరిగి కింద పడుతుంది. అందుకే కొండ వాలుగా అరగకుండా గోడలా నిలుస్తుంది. జలపాతం కింద కనిపించే పెద్ద పెద్ద బండలు అలా విరిగిపడినవే.

వాన వెలిసిన తరువాత కూడా జలపాతం పారుతూ ఉంటుంది. ఆ నీరు ఎక్కడిది? అడవి నేల మీద రాలిన ఆకులు, చెట్ల వేళ్ళు వాననీటిని పట్టి ఉంచుతాయి. ఆ నీరు రాతి బీటల్లోకి ఇంకి, ఊటలుగా మెల్లమెల్లగా బయటికి వస్తుంది. అడవి నరికితే వాన పడినప్పుడు వరద, వెలిశాక ఎండిన బండ మిగులుతాయి.

దూకిన నీటి శక్తి ఏమవుతుంది?

ఒక లెక్క వేద్దాం. ఒక లీటరు నీటి ద్రవ్యరాశి 1 కిలోగ్రాము. అది 82 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు దాని స్థితిజశక్తి ఎంత? ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ, ఎత్తుతోనూ హెచ్చవేయాలి. 1 × 9.8 × 82 = సుమారు 800 జౌళ్ళు. 20 కిలోల బియ్యం మూటను నాలుగు మీటర్ల ఎత్తుకు, అంటే డాబా మీదికి చేర్చడానికి కావలసినంత శక్తి ఒక్క లీటరు నీటిలో ఉందన్నమాట!

నీరు పడుతున్నకొద్దీ ఇది గతిజశక్తిగా మారుతుంది. గాలి, రాయి అడ్డు లేకపోతే అది కిందికి చేరేసరికి వేగం సెకనుకు 40 మీటర్లు, అంటే గంటకు 144 కిలోమీటర్లు ఉండాలి. నిజానికి అంత వేగం రాదు. గాలి అడ్డుకుంటుంది, నీరు తుంపరలుగా చెదురుతుంది, దారిలో రాళ్ళు తగులుతాయి. మిగిలిన శక్తి మడుగులో పడి నీటిని కలచివేస్తుంది, రాతిని కొడుతుంది, హోరు పుట్టిస్తుంది. చివరికి దాదాపు అంతా వేడిగా మారుతుంది.

మరి మడుగులో నీరు వేడెక్కాలి కదా? ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడి చేయడానికి సుమారు 4,200 జౌళ్ళు కావాలి. మన దగ్గరున్నవి 800. అంటే పెరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో అయిదో వంతు మాత్రమే. ఇంగ్లాండుకు చెందిన జేమ్స్ జౌల్ అనే శాస్త్రవేత్త 1845లో నయాగరా జలపాతం గురించి ఇటువంటి లెక్కే వేశాడు. శక్తిని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు.

మడుగులో దాగిన ప్రమాదం

వానాకాలంలో మీ ఇంటి చూరు కింద చూడండి. చూరునీళ్ళు పడిన చోట నేలలో వరసగా చిన్న గుంటలు ఉంటాయి. పంటకాలువ మీద లాకుల దిగువన కూడా నీరు పడేచోట లోతైన మడుగు ఏర్పడుతుంది. అక్కడ ఈతకు దిగవద్దని పెద్దలు గదమాయించడం మీకు తెలుసు. జలపాతం కింద జరిగేదీ అదే. దూకే నీరు, దానితో వచ్చే రాళ్ళు అడుగును తొలిచి గుండం చేస్తాయి.

కాలువలో ఈదినవారు ఇక్కడా ఈదగలమనుకుంటారు. చాలా చోట్ల జలపాతాల కింద ప్రాణాలు పోవడానికి ఈ నమ్మకం కూడా ఒక కారణం. కాలువ నీటికీ, గుండం నీటికీ నాలుగు తేడాలున్నాయి.

ఒకటి: లోతు కంటికి తెలియదు. కాంతి వక్రీభవనం వల్ల, పైనుంచి చూస్తే నీటి లోతు నిజమైన దానిలో ముప్పాతిక వంతుగానే కనిపిస్తుంది. మూడు మీటర్లనుకున్నది నాలుగు మీటర్లు ఉంటుంది. పైగా అడుగున బండలు ఎక్కడున్నాయో నురగలో కనబడదు.

రెండు: నురగనీరు మనిషిని తేల్చదు. తొట్టెలోని నీటిలో అయిదో వంతు గాలి బుడగలు కలిశాయనుకోండి. అప్పుడు ఒక లీటరు నురగనీరు 800 గ్రాములే తూగుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం గుర్తుందా? తొలగిన నీటి బరువు తగ్గితే, పైకి నెట్టే బలం కూడా తగ్గుతుంది. ఎంత చేతులు ఆడించినా మనిషి మునుగుతాడు.

మూడు: జోరుగా పడే నీరు అడుగుకు పోయి, దూరంగా పైకి లేచి, పైభాగాన మళ్ళీ జలపాతం వైపే తిరిగి వస్తుంది. ఈ సుడిలో చిక్కినవాణ్ణి నీరు ఒడ్డుకు తేదు, తిరిగి జలపాతం కిందికే లాగుతుంది.

నాలుగు: నీరు చల్లగా ఉంటే కండరాలు పట్టేయవచ్చు. ఒడ్డునున్న బండల మీద నాచు. పైనుంచి జారితే కింద ఉన్నది రాయి.

ఇంకొక సంగతి. మీరున్న చోట ఎండ కాస్తున్నా, పైనున్న కొండల మీద వాన కురుస్తూ ఉండవచ్చు. స్వచ్ఛంగా ఉన్న నీరు ఎర్రగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకువస్తున్నా, హోరు పెరిగినా క్షణం ఆలస్యం చేయక ఒడ్డుకు, ఎత్తుకు వెళ్ళాలి.

ఎవరైనా నీటిలో చిక్కుకుంటే వెంట దూకకండి. కేకవేసి పెద్దలను పిలవండి. ఒడ్డున పడుకుని పొడవైన కర్ర, తాడు, చీర, తువ్వాలు ఏదైనా అందించండి. మూత బిగించిన ఖాళీ డబ్బా విసిరినా దాన్ని పట్టుకుని తేలవచ్చు. కాపలావారు వద్దన్న చోటికి వెళ్ళకండి. వాళ్ళకు ఆ నీరు రోజూ తెలుసు, మనకు ఆ ఒక్కపూటే తెలుసు.

చేసి చూడండి

1. బకెట్టు నిండా నీళ్ళు పోసి, అడుగున ఒక నాణెం వేయండి. పైనుంచి చూసి లోతును అంచనా వేయండి. తరువాత కర్రతో కొలిచి, రెండింటినీ పోల్చండి.

2. ఇసుక గుట్టమీద ఒక పలక బిళ్ళను అడ్డంగా, కొంత బయటికి వచ్చేటట్లు పెట్టి, పైనుంచి సన్నని ధారగా నీరు పోయండి. బిళ్ళ కింద ఇసుక ఎంత లోతుగా తొలుచుకుపోయిందో గమనించండి. ధారను ఇంకా ఎత్తునుంచి పోస్తే గుంట లోతు పెరిగిందా? కారణాన్ని మీ మాటల్లో రాయండి.