కోటకు కావలి

హైదరాబాదు నగరమునకు పడమట గోలకొండ దుర్గము కలదు. దాని ప్రవేశద్వారపు కమానుక్రింద నిలిచి చప్పట్లు చరచినచో, ఆ ధ్వని కొండకొననున్న బాలాహిస్సారున వినబడును. శత్రువుల రాకను పైవారికి తెలుపుటకు ఈ యేర్పాటు ఉపకరించెడిదని చెప్పుదురు.

ఆ కోటకు అనతిదూరమున 1998లో సైబర్ టవర్స్ వెలసెను. నాటినుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములు యువ ఉద్యోగులతో నిండిపోయెను. 2020 మార్చిలో కరోనా వ్యాపింపగా ఆ కార్యాలయములు నిర్మానుష్యములయ్యెను. గచ్చిబౌలి క్రీడాగ్రామపు భవనమొకటి ఆసుపత్రిగా మారెను.

అప్పుడు లోకమంతటను ఒక వింత కానవచ్చెను. వైరస్ ఒక్కటే, అయినను ఒకనికి అది రెండునాళ్ల జలుబుతో పోయెను, దృఢకాయుడైన మరియొకడు ఊపిరాడక ప్రాణాపాయము పాలయ్యెను. వార్ధక్యము, మధుమేహము వంటి కారణములు కొన్ని తెలిసినవే. అవి లేని యువకుల మాట యేమి?

మానవదేహమును ఒక కోటయే. కణములో వైరస్ ప్రవేశింపగానే ఆ కణము ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును వెలువరించి, ఇరుగుపొరుగు కణములను హెచ్చరించును. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అను శాస్త్రజ్ఞులు దీనిని కనుగొనిరి. దేహదుర్గమున చప్పట్ల సంకేతము ఇదియే.

ఈ సంకేతము రెండు విధముల చెడవచ్చును. మొదటిది జన్యులోపము. 2020లో నెదర్లాండ్సు దేశమున వేర్వేరు కుటుంబములకు చెందిన రెండు జతల అన్నదమ్ములు తీవ్రముగా జబ్బుపడిరి. వారిలో ఒకడు మరణించెను. వైరస్ జాడను పసిగట్టుటకు తోడ్పడు టి.ఎల్.ఆర్.7 అను జన్యువు వారిలో చెడియున్నట్లు తేలెను. ద్వారముకడ కావలివాడే నిద్రించినట్లయ్యెను.

రెండవది, దేహము తన ఇంటర్‌ఫెరాన్‌నే శత్రువుగా భ్రమించి, దానిని అణచు ప్రతిరక్షకములను పుట్టించుకొనుట. ఆ సంవత్సరముననే కాసనోవా ప్రభృతులు ప్రాణాపాయస్థితిలోనున్న 987 మంది కరోనా రోగులను పరీక్షింపగా, 101 మందిలో అట్టివి కనబడినవి. వ్యాధి స్వల్పముగా సోకిన, లేక లక్షణములే లేని 663 మందిలో ఒక్కరియందును కనబడలేదు. చప్పట్లు మ్రోగినను, నడుమ నెవడో ఆ ధ్వనిని మ్రింగివేసినట్లయ్యెను.

ఇట్టి లోపము గలవారు చూపులకు ఇతరులవలెనే యుందురు. పెక్కుమారులు ఆ సంగతి వారికే తెలియదు. కావున తీవ్రముగా జబ్బుపడినవానిని బలహీనుడనియో, అజాగ్రత్తపరుడనియో నిందించుట అన్యాయము. రోగనిరోధకశక్తి మిక్కిలి లోపించినవారికి కొన్ని సజీవ టీకాలు వేయరాదు. అట్టివారికి చుట్టునున్నవారి ఆరోగ్యమే ప్రాకారము. జ్వరము వచ్చినపుడు ఇంటనుండుట, దగ్గునపుడు నోరు కప్పుకొనుట, వైద్యులు చెప్పిన టీకాలు వేయించుకొనుట స్వార్థము కొరకు మాత్రమే కాదు. తన కోట పదిలముగా నున్నవాడు పొరుగువాని కోటకును కావలి కాయవలెను.