కంపవాతము – మెదడులోని తీగ

వృద్ధుల చేతులు వణకుట మనకు క్రొత్త కాదు. ముసలితనమున నది సహజమేయని సరిపెట్టుకొందుము. కాని వణకులన్నియు నొక్కటి కావు. చేయి పనిలో నున్నప్పుడు గాక, ఒడిలో నూరక యున్నప్పుడు, బొటనవ్రేలును చూపుడువ్రేలును మాత్రలు చుట్టుచున్నట్లు కదలుచుండుట యొక ప్రత్యేకవ్యాధికి గుఱుతు. దీనిని పోలిన రోగమును మన ఆయుర్వేదవైద్యులు కంపవాతమనిరి. 1817లో లండను వైద్యుడగు జేమ్సు పార్కిన్సను ఆఱుగురు రోగులను గూర్చి యొక చిన్న గ్రంథము వ్రాసెను. వారిలో కొందఱు ఆయనకు వీధిలో కనబడినవారే. తరువాత ఫ్రెంచివైద్యుడు షార్కో ఆ వ్యాధికి పార్కిన్సను పేరు పెట్టెను.

విద్యార్థులారా, మీ తాతగారు పూర్వము వ్రాసిన పద్దుల పుస్తకమును ఇప్పటి వ్రాతతో పోల్చి చూడుడు. పంక్తి సాగినకొలది అక్షరములు చిన్నవగుచున్నచో అదియు నీ వ్యాధి లక్షణములలో నొకటి. నడకలో నొక చేయి ఊగకుండుట, చొక్కాగుండీ పెట్టుకొనుటకు చాలసేపు పట్టుట, కంఠము సన్నగిలుట, వాసన తెలియకపోవుట, ముఖమున ఏ భావమును తోపకుండుట – ఇవియు నట్టివే. కొందఱికి వణకే యుండదు. ముఖము కదలనంత మాత్రమున పెద్దాయనకు కోపము వచ్చెననుకొనరాదు. పిలిచిన వెంటనే లేవనిచో అది మొండితనమని విసుగుకొనుట అంతకంటెను తప్పు. లేవవలెనను తలంపు ఆయనకున్నది. ఆ తలంపును కాలికి చేర్చు ఏర్పాటే చెడినది.

మెదడు క్రిందిభాగమున నల్లని వన్నెగల కణముల చిన్నగుంపు రెండు ప్రక్కలను గలదు. అవి డోపమీను అను ద్రవ్యమును తయారుచేసి, కదలికలను సవరించు కేంద్రములకు పంపును. ఆ కణములు క్రమముగా నశించుటయే యీ వ్యాధి. లక్షణములు బయటపడునాటికే వానిలో పెద్దభాగము పోయియుండును. స్వీడనుదేశీయుడగు కార్ల్‌సను 1957లో డోపమీను ప్రాముఖ్యమును కనుగొనెను. వియన్నాలో హోర్నికీవిచ్ 1960లో ఈ రోగుల మెదడులో నది కొఱవడినదని చూపెను. 1967లో అమెరికాలో కోట్జియాస్ అను వైద్యుడు లెవోడోపాను కొద్దికొద్దిగా పెంచుచు నోటిద్వారా నిచ్చి, మంచమున పడియున్నవారిని నడిపించెను. నేటికిని అదియే ముఖ్యౌషధము. మన పొలముగట్ల కంచెలపై ప్రాకు దురదగొండి విత్తులలో నీ లెవోడోపాయే యున్నది. అయినను ఆ విత్తులను ఇంట నూఱి మ్రింగించుట క్షేమము కాదు. ఒక్కొక్క గింజలో నెంత యున్నదో తెలియదు.

మాత్ర వేసికొనునప్పు డొక చిన్న నియమము గలదు. పప్పు, పాలు, గ్రుడ్లు, మాంసము మొదలగు వానియందలి మాంసకృత్తులు ప్రేగులలో లెవోడోపాతో పోటీపడి దాని నడ్డగించును. అందుచే వైద్యులు సాధారణముగా భోజనమునకు అరగంట ముందుగా మాత్ర వేసికొనుమందురు. మందు పనిచేయుట లేదని చెప్పుకొను ఇండ్లలో మాత్ర పప్పన్నముతోడనే పడుచున్నదేమో ముందుగా చూచుకొనదగును.

ఏండ్లు గడచినకొలది మందు బలము తక్కువకాలమే నిలుచును. మాత్ర వేసిన కొంతసేపటికి శరీరము తనంతట మెలికలు తిరుగుట, అది దిగినంతనే కొయ్యవలె బిగియుట – ఈ రెంటినడుమ రోగి యూగులాడును. ఈ దశయందే మెదడులో తీగ నమర్చు చికిత్స యక్కఱకు వచ్చును.

దాని పుట్టుక విచిత్రమైనది. పూర్వము వణకును తగ్గించుటకై శస్త్రవైద్యులు మెదడులో థాలమస్ అను భాగమున నొక చుక్కంత మేర కాల్చెడివారు. కాల్చుటకు ముందు తాము సరియైన చోటనే యున్నామో లేదో తెలిసికొనుటకు స్వల్పమైన విద్యుత్తును పంపి పరీక్షింతురు. 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరమున బెనబీదను వైద్యుడు ఆ విద్యుత్తును సెకనుకు నూఱుమార్లకు సమీపముగా పంపగా వణకు టక్కున నిలిచిపోయెను. ఆపినచో మరల వచ్చెను. అట్లైన మెదడును కాల్చుటయెందుకు, తీగనే లోపల నుంచరాదా యని ఆయన తలచెను. కాల్చినది మరల రాదు. విద్యుత్తునైన తగ్గించవచ్చును, పెంచవచ్చును, ఆపవచ్చును. ఈ భేదమే యీ చికిత్సకు ప్రాణము. 1990లో డిలాంగు ప్రభృతులు కోతులపై చేసిన పరిశోధనలు మఱియొక చిన్నకేంద్రమును చూపగా, 1993 నుండి గ్రెనోబుల్ వైద్యులు అచటనే తీగ నుంచి వణకునే గాక బిగువును, మందకొడితనమును గూడ తగ్గించిరి.

శస్త్రచికిత్సలో తలకు లోహపుచట్రము బిగించి, పుఱ్ఱెకు చిన్న రంధ్రము చేసి, మిల్లీమీటరుకంటె కొంచెము లావైన తీగను లోనికి దించుదురు. మెదడునకు నొప్పి తెలియదు గనుక పెక్కుచోట్ల రోగిని మేలుకొల్పియే యుంచి, చేయి యాడింపుమనియు మాటాడుమనియు నడుగుదురు. తీగ చర్మము క్రిందుగా చెవివెనుకనుండి మెడమీదుగా ఱొమ్ము పైభాగమునకు వచ్చి, అచట నమర్చిన చిన్నయంత్రముతో కలియును. అందు బ్యాటరీ యుండును. రక్తస్రావము, చీము పట్టుట మొదలగు నపాయములు కొద్దిమందికి కలుగును. మతిమఱపు ముదిరినవారికి ఈ చికిత్స సాధారణముగా చేయరు.

యంత్రము పెట్టినంతనే పని ముగియదు. విద్యుత్తు ఎంత, ఏ చోట, ఎన్నిమార్లు అనునది నెలల తరబడి సవరింపవలెను. అప్పుడు వైద్యునకు దారి చూపునది రోగి మాటయే. మనవంటివారి కిచట నొక చిక్కు గలదు. ఇంట తెలుగే మాటాడు పెద్దవారు ఆసుపత్రిలో కన్నడముననో, తమిళముననో, ఒడియాలోనో తమ బాధను చెప్పవలసివచ్చును. తిమ్మిరి, జివ్వుమనుట, లాగుట, బిగియుట – వీనికి గల భేదము పరభాషలో చప్పున తోచదు. కంఠము సన్నమైనవారి కది మఱింత కష్టము. రెండు భాషలు వచ్చిన విద్యార్థి తోడుగా పోయి, మాత్ర వేసిన వేళను, శరీరము బిగిసిన వేళను, మాట తడబడిన వేళను వ్రాసియుంచిన పుస్తకమును చూపినచో అది వైద్యునకు గొప్పసాయము. బెంగుళూరు నిమ్హాన్సునందును హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞానసంస్థయందును ఈ చికిత్స గలదు. వ్యయము లక్షలలో నుండును గనుక కుటుంబము ముందే తెలిసికొనవలసిన మాట యొకటి యున్నది: ఇది వ్యాధిని కుదుర్చదు, దాని నడకను ఆపదు. మందు చక్కగా పనిచేయువేళ ఏవి తగ్గునో వానిని యంత్రము దినమంతయు నిలుపగలదు. మందునకు తగ్గని తూలుటను, మాట తడబాటును, మ్రింగుటలోని కష్టమును అది సామాన్యముగా తగ్గింపదు. వణకు మాత్రము మందునకు లొంగనిదైనను దీనికి లొంగవచ్చును.

జూరిచ్ వైద్యులు 2019లో నొక వింతను ప్రకటించిరి. ఈత బాగుగా వచ్చిన 9 మంది రోగులు యంత్రము పెట్టిన పిమ్మట ఈదలేకపోయిరి. ముగ్గురు యంత్రము నాపిచూడగా ఈత వెంటనే తిరిగివచ్చెను. కావున అట్టివారిని చెఱువులోనికి గాని బావిలోనికి గాని ఒంటరిగా దిగనీయరాదు.

భుజము పట్టుకొన్నదని వేడిచికిత్సకు పోవుట ఈ రోగులలో తఱచు. అందు డయాథర్మీ యను విద్యుత్తాపచికిత్స యంత్రమున్నవారికి ప్రాణాంతకము. తీగ కొన వేడెక్కి మెదడు కాలును. ఎం.ఆర్.ఐ. పరీక్షకు ముందును, పండ్లవైద్యునియొద్దను, విమానాశ్రయమునను యంత్రపు చీటి చూపవలెను. సాధారణపు బ్యాటరీ కొన్ని యేండ్లకు తీరును. ఇంట ఛార్జి చేసికొనునది పది పదునైదేండ్లు వచ్చును, కాని ఛార్జి మఱచిన నది యాగి వణకు, బిగువు ఒక్కుమ్మడిగా వచ్చును. ఆ వ్యక్తి గతించినచో దహనమునకు ముందే యంత్రమును తీయింపవలెను. బ్యాటరీ నిప్పులో ప్రేలును. చెప్పుటకు కష్టమైన మాటయే, కాని ఎవరైన చెప్పవలసినదే.

ఇక గడపవద్ద పాదములు నేల కతుకుకొన్నట్లు నిలిచిపోవుట. యంత్రమున్నను ఇది కొందఱికి వచ్చుచునే యుండును. చేయి పట్టి లాగినచో పడిపోవుదురు. వారి యెదుట నేలపై నొక సుద్దగీత గీసి దానిని దాటుమనుడు. లేదా ఒకటి, రెండు, ఒకటి, రెండు అని తాళము వేయుడు. సమభూమిపై కదలని కాలు గీతను దాటుట కెత్తబడును. గడపకు ఇరుప్రక్కల అడుగుదూరమున రంగుపట్టీలు వేసియుంచినచో దినదినము సుద్ద వెదుకనక్కఱలేదు.