కీళ్ళనొప్పులు – విద్యుత్తు వలన ఉపశమనము

కీళ్ళనొప్పి సాధారణముగా ప్రాణము తీయదు; కాని మనిషి పనిని తీయును. వల లాగు చేయి, తాడు ముడివేయు వ్రేళ్ళు, మెట్లెక్కు మోకాలు, వీనిలో ఏది మొరాయించినను ఇల్లు గడచుట కష్టమగును. అండమాన్ నికోబార్ దీవులలో 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ననుసరించి నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల తీరమునుండి వచ్చి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడిన బెస్త కుటుంబములు వీరిలో పెక్కు గలవు. శరీరశ్రమయే జీవనాధారమైన ఇట్టివారికి కీళ్ళనొప్పి పెద్ద కష్టమే.

ఇటీవల మందుల దుకాణములలో బాటరీతో నడచు చిన్న యంత్రములు అమ్మకమునకు వచ్చినవి. చర్మముపై అంటించిన పట్టీల ద్వారా స్వల్పమైన విద్యుత్తును పంపి నరములను ప్రేరేపించుట వీని పని. వైద్యులు ఈ పద్ధతిని ‘టెన్స్’ అందురు. ఈ యంత్రము ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలిసికొనిన పిమ్మటనే సొమ్ము వెచ్చించుట మంచిది.

వ్యాధి యేది?

కీళ్ళవ్యాధులు అనేకములు. వానిలో రెండు ముఖ్యములు. మొదటిది అరుగుదల వలన వచ్చునది. ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థి క్రమముగా పలుచబడి, కీలు బిరుసెక్కును. వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, ఏండ్ల తరబడి గొంతుకూర్చుండి చేయు పనులు దీనికి తోడ్పడును. మోకాలు దీనికి తరచుగా గురియగు కీలు.

రెండవది రుమటాయిడ్ వాతము. శరీరపు రక్షణశక్తియే దారితప్పి కీళ్ళపొరలపై దాడి చేయుట దీని లక్షణము. రెండు చేతుల వ్రేళ్ళకణుపులు వాచును. ఉదయము లేచినపుడు అరగంటకు మించి, ఒక్కొక్కప్పుడు గంటకు పైగా, కీళ్ళు బిగిసియుండును. దీనికి మెథోట్రెక్సేట్ వంటి మందులను వైద్యుని పర్యవేక్షణలో తొలిదశలోనే ఆరంభింపవలెను. ఆలస్యమైనచో కీళ్ళు వంకర్లు పోవును. నొప్పిని మాత్రమే అణచి వ్యాధిని మరచినవాడు ఇచ్చట మిక్కిలి నష్టపోవును. కావున యంత్రము కొనుటకు ముందు వ్యాధి పేరు తెలిసికొనవలెను.

తిమిరి చేప

విద్యుత్తుతో నొప్పిని తగ్గించుట క్రొత్త యూహ కాదు. సుమారు క్రీ. శ. 47లో స్క్రిబోనియస్ లార్గస్ అను రోము వైద్యుడు, గౌటు వాతముతో బాధపడువానిని తడి ఇసుకపై నిలిపి, ప్రాణముతోనున్న విద్యుత్ చేపను పాదము క్రింద నుంచి, కాలు తిమ్మిరెక్కువరకు ఆగుమని వ్రాసెను.

ఈ జాతి చేపలు మన తీరమునకును పరిచితములే. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున సేకరించిన చేపల వర్ణనలతో 1803లో వెలువరించిన గ్రంథములో ‘తిమిరి’, ‘నల్ల తిమిరి’ అను స్థానిక నామములు కలవు. తాకిన చేయి తిమ్మిరెక్కుటయే ఆ పేరునకు కారణము. అయినను చేపతో వైద్యమునకు పూనుకొనరాదు. దాని దెబ్బ ఎంతటిదో, ఎప్పుడు తగులునో మన అధీనమున నుండదు. ఆ శక్తిని కొలతకు లోబరచి, కొద్దికొద్దిగా ఇచ్చుటయే నేటి యంత్రము చేయు పని.

నొప్పి ఎట్లు తగ్గును?

మోకాలికి బల్ల తగిలినపుడు మనము వెంటనే ఆ చోటును రుద్దుకొందుము. నొప్పి కొంత తగ్గును. ఇందులోనే సూత్రమున్నది. నొప్పి వార్తను సన్నని నరములు, స్పర్శ వార్తను లావైన నరములు వెన్నుపామునకు చేర్చును. అచ్చట ద్వారము వంటి యేర్పాటున్నదనియు, స్పర్శ వార్తలు బలముగా వచ్చినపుడు ఆ ద్వారము నొప్పి వార్తలకు కొంత మూసికొనుననియు 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. 1967లో వాల్, స్వీట్ అనువారు నరములకు స్వల్ప విద్యుత్తు నిచ్చి, నొప్పి తాత్కాలికముగా తగ్గుటను చూపిరి.

సెకనుకు సుమారు 80 నుండి 100 సార్లు వచ్చు స్పందనలు ముఖ్యముగా స్పర్శ నరములను మేల్కొలుపును. సెకనుకు 2 నుండి 4 సార్లు మాత్రమే వచ్చు స్పందనలు శరీరములోనే పుట్టు ఎండార్ఫిన్‌ల వంటి నొప్పి నివారక పదార్థములను విడుదల చేయించునని తెలియుచున్నది. రెండు విధములలోను అరిగిన మృదులాస్థి తిరిగి పెరుగదు. వాపునకు మూలమైన వ్యాధి నయము కాదు.

వాడు విధము

మొదటిసారి ఫిజియోథెరపిస్టు సమక్షమున వాడి నేర్చుకొనవలెను. చర్మమును సబ్బుతో కడిగి బాగుగా తుడువవలెను. దీవులలోని ఉక్కకు చెమట పోసి పట్టీలు త్వరగా ఊడును; అందుచే గాలి తగులు చోట కూర్చుండుట, వాడిన పట్టీలను మూతగల సంచిలో భద్రపరచుట అవసరము. యంత్రమును ఆపియుంచి పట్టీలను నొప్పిగల కీలుకు ఇరుప్రక్కల అంటింపవలెను. తరువాత విద్యుత్తును నెమ్మదిగా హెచ్చించి, బలమైనను బాధ కలిగించని జలదరింపు తోచినచోట నిలుపవలెను. మరీ తక్కువైనచో ఫలముండదు. ఒక పర్యాయమునకు 30 నుండి 60 నిమిషములు సాధారణ పరిమితి. ఆపిన పిమ్మటనే పట్టీలను తీయవలెను. ఇంటి కరెంటు తీగెలతో ఇట్టి ప్రయోగము చేయుట ప్రాణాపాయము.

ఎవరు వాడరాదు?

గుండెలో పేస్‌మేకరు వంటి పరికరము అమర్చబడినవారు దీనిని వాడరాదు. గర్భిణులు పొట్టపైనను నడుముపైనను పట్టీలు అంటింపరాదు. మూర్ఛవ్యాధి గలవారు, క్యాన్సరునకు చికిత్స పొందువారు వైద్యుని యనుమతి లేక ఆరంభింపరాదు. మెడ ముందుభాగము, కన్నులు, రొమ్ము, పుండ్లు, రక్తము గడ్డకట్టినదని యనుమానమున్న కాలు, వీనిపై పట్టీ ఉంచరాదు. మధుమేహము వలన పాదములలో స్పర్శ తగ్గినవారు విశేషముగా జాగ్రత్త పడవలెను; చర్మము కాలినను వారికి తెలియదు. స్నానము చేయుచు, నిద్రించుచు, వాహనము నడుపుచు, పడవపై తడిలో పని చేయుచు యంత్రమును తగిలించుకొనరాదు.

పరిశోధనల తీర్పు

ఈ విషయమున వైద్యలోకము ఏకాభిప్రాయమునకు రాలేదు. మోకాటి అరుగుదలపై 18 చిన్న పరిశోధనలను, 813 మంది రోగుల వివరములను 2009లో కాక్రేన్ సమీక్ష పరిశీలించి, ప్రయోజనము నిశ్చయముగా చెప్పజాలమనెను. 2022లో అన్ని రకముల నొప్పులకు సంబంధించిన 381 అధ్యయనములను కలిపి చూచిన మరియొక సమీక్ష, యంత్రము నడచుచుండగాను, ఆపిన వెంటనేయు నొప్పి తగ్గుచున్నదని తేల్చెను. అదే 2022లో ఇంగ్లండులోని నైస్ సంస్థ, చాలినంత నిదర్శనము లేదని, అరుగుదల వాతమునకు దీనిని ఇవ్వవలదనెను. అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘము తన 2019 నాటి సూచనలలో మోకాలు, తుంటి అరుగుదలకు దీనిని గట్టిగా వలదనెను.

సారాంశ మేమనగా, ఉపశమనము కొందరికి కలుగవచ్చును, అది కొద్దిసేపటిది. అందుచే యంత్రమును కొనుటకు ముందు ఆసుపత్రిలో కొన్ని పర్యాయములు వాడి చూడవలెను. ఒక పుస్తకములో ప్రతిదినము నొప్పిని 0 నుండి 10 వరకు అంకెలతోను, ఎంత నడిచితిరో, ఏ పని చేయగలిగితిరో మాటలతోను వ్రాసికొనుడు. కొన్ని వారములకును మార్పు కనుపింపనిచో ఆ సొమ్మును మిగుల్చుకొనుడు.

అంతకన్న ముఖ్యమైనవి

అరుగుదల వాతమునకు వ్యాయామమే మూలచికిత్స. కుర్చీలో కూర్చుండి, ఒక కాలును తిన్నగా చాచి, ఐదు లెక్కించువరకు నిలిపి దించవలెను. ఒక్కొక్క కాలికి పది పర్యాయములు. దీనివలన తొడకండ బలపడి మోకాటి భారమును పంచుకొనును. బరువు ఎక్కువైనచో తగ్గించుకొనవలెను. చేపలమ్ము స్త్రీలు గొంతుకూర్చుండుట మాని ఎత్తుపీట వాడినచో మోకాళ్ళకు హాయి. డైక్లోఫెనాక్ లేపనము మోకాటికి ఉపకరించును. నొప్పి మాత్రలను వైద్యుని అడుగక దినదినము మ్రింగినచో కడుపునకు, మూత్రపిండములకు హాని. పేరు తెలియని పొడులలో స్టెరాయిడ్లు కలిసియుండవచ్చును, వానిని తాకకుడు.

యంత్రము వలన గంటసేపు నొప్పి తగ్గినచో, ఆ గంటను వ్యాయామమునకును నడకకును వినియోగింపుడు. దాని నిజమైన విలువ అందులోనే యున్నది. నొప్పి తెలియుటలేదు గదాయని ఆ గంటలో బరువులెత్తినచో కీలు మరింత చెడును.

ఎక్కడికి పోవలెను?

2024 సెప్టెంబరులో శ్రీవిజయపురముగా పేరు మార్చబడిన పోర్టుబ్లేయరులో గోవిందవల్లభ పంతు ఆసుపత్రియు, కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆసుపత్రియు కలవు. దూరపు దీవులవారు ముందుగా సమీప ఆరోగ్యకేంద్రమునకు పోయి, అవసరమైనచో ఈ-సంజీవని ద్వారా వైద్యునితో మాట్లాడవచ్చును. జ్వరముతో కీలు ఎఱ్ఱబడి వాచినను, పడిన పిమ్మట కాలు మోపలేకపోయినను, చేయి లేక కాలు చచ్చుబడినను యంత్రమును ప్రక్కనబెట్టి, తరువాతి ఓడకై వేచియుండక, వెంటనే సమీప వైద్యుని చూడవలెను. నొప్పి శరీరము పంపు వార్త. దానిని కాసేపు తగ్గించుకొనవచ్చును. కాని ఆ వార్త ఏమి చెప్పుచున్నదో ముందుగా వినవలెను.